మసకను మసకగానే ఉండనివ్వండి

పోయిన వారం ఫ్రెండ్ ఒకడు వీడియో పంపాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బీ-17 బాంబర్లు. రంగుల్లో, ఫోర్‌కేలో, సెకనుకి 60 ఫ్రేములతో. "నిన్ననే తీసినట్టుంది కదరా!" అన్నాడు. నా గొడవంతా ఆ మాటతోనే.

నిన్న తీసింది కాదు. ఇలాంటి దృశ్యాల్లో బాగా పేరున్నవి 1943లో హాలీవుడ్ దర్శకుడు విలియం వైలర్, ఆయన మనుషులు బాంబర్లలో ఎగిరి, 16 ఎంఎం రంగుల ఫిల్ము మీద తీసినవి. కెమెరా పట్టిన హెరాల్డ్ టానెన్‌బామ్ ఆ పనిలోనే చనిపోయాడు. అలా 1944లో 'ది మెంఫిస్ బెల్' వచ్చింది. వాడకుండా మిగిలిన రీళ్ళని బాగుచేయించి ఎరిక్ నెల్సన్ 2018లో 'ది కోల్డ్ బ్లూ' తీశాడు. బాగుచెయ్యడంతో నాకు పేచీ లేదు. దుమ్ము తుడవడం, గీత పడ్డచోట ముందు ఫ్రేములోనో వెనక ఫ్రేములోనో ఉన్నదాన్ని తెచ్చి అతకడం, ఇది రిపేరు.

పేచీ 'ఎన్‌హాన్స్' చెయ్యడంతో. లెక్క చూడండి. 640 బై 480 క్లిప్పుని ఫోర్‌కే చేస్తే పిక్సెళ్ళు 27 రెట్లవుతాయి. అంటే ప్రతి 27లో 26 కొత్తగా పుట్టినవే. 24 ఫ్రేముల్ని 60 చేస్తే, అందులో కనీసం 36 ఏ కెమెరా చూడనివి. మరి ఎక్కడినుంచి వచ్చాయి? వేరే బొమ్మలు లక్షల్లో చూసి సాఫ్ట్‌వేర్ వేసిన అంచనాలోంచి.

నేనూ సాఫ్ట్‌వేరోణ్ణే. వీకెండ్‌లో ఒక మసక క్లిప్పుని అలాంటి మోడల్‌కి ఇచ్చి చూశాను. రెక్కల మీద రివెట్లు తళతళలాడాయి. తోక మీది నెంబరు మాత్రం ఒక ఫ్రేములో 8, ఇంకోదాంట్లో 3, మరోదాంట్లో ఏ భాషకీ చెందని గీత. మసకగా ఉన్నప్పుడు "తెలీదు" అని నిజం చెప్పిన బొమ్మ, ఇప్పుడు ధీమాగా అబద్ధం చెబుతోంది.

ఒక్క నెంబరే కదా అంటారా? మాది జగిత్యాల వైపు ముత్యంపేట. మా ఊరికీ బాంబర్లకీ మధ్య ఉన్న సంబంధం పేరు నిజాం. 1918లో ఆయన బ్రిటిష్ వాళ్ళకి ఒక స్క్వాడ్రన్‌కి సరిపడా డీహెచ్-9ఏ బాంబర్లు కొనిచ్చాడు. అవి నిజాం కానుక అని విమానాల మీదే రాశారు. 110వ స్క్వాడ్రన్‌కి 'హైదరాబాద్' అనే పేరు అలా వచ్చిందే. వాటిలో ఒకటి, ఎఫ్1010, ఇప్పటికీ లండన్‌లోని ఆర్.ఎ.ఎఫ్. మ్యూజియంలో ఉంది. అదే స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్‌లు 1939 సెప్టెంబర్ 4న విల్‌హెల్మ్స్‌హాఫెన్ దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద బాంబులు వేశాయి. వైలర్ సినిమాలో బాంబర్లు బయల్దేరేదీ ఆ ఊరికే.

నిజాం రాజ్యంలో పెద్ద రాబడి భూమి శిస్తు. అంటే ఆ కానుకలో మా ముత్తాతల పునాస పంటకీ వాటా ఉంది. వాళ్ళని ఎవరూ అడగలేదు. ఏ కెమెరా వాళ్ళ వైపు తిరగలేదు. ఆ విమానాల్లో వాళ్ళ జాడంటూ ఉంటే, పక్కన రాసిన ఆ నాలుగు ముక్కలే. సరిగ్గా అలాంటి చిన్న అక్షరాల్నే ఈ మోడళ్ళు ముందు మింగేస్తాయి. రెక్క మెరుస్తుంది, దానికి డబ్బు కట్టింది ఎవరో చెరిగిపోతుంది.

ఎన్‌హాన్స్ చెయ్యొద్దని నేననను. ఒరిజినల్ స్కాన్ పక్కనే పెట్టండి. మెషీన్ పుట్టించిన ఫ్రేములున్నాయని వీడియో మీదే రాయండి. చదవలేని అక్షరాన్ని చదవలేనట్టే వదిలెయ్యండి. ఇదేమీ కష్టమైన కోడింగ్ కాదు, నిజాయితీ ఉంటే చాలు.

ఫ్రెండ్‌కి నా దగ్గరున్న మసక క్లిప్పే తిరిగి పంపాను. "తోక మీద నెంబరేదీ కనబడట్లేదురా" అన్నాడు.

కనబడదు. తీసిన కెమెరాకీ కనబడలేదు.