పెట్టె మనది, తాళంచెవి ఎవరిది?

పోయిన దసరాకు పులివెందుల నుంచి మా మేనత్త వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి. ప్రొద్దుటూరు దసరా చూడనిదే ఆమెకు ఏడాది గడిచినట్లుండదు. రాగానే కాళ్ళు కడుక్కుని, మజ్జిగ తాగి, చీనీపండ్ల సంచి మా ఆవిడ చేతికిచ్చి, నన్ను పిలిచి అడిగిన మొదటిమాట యిది:

"ఏమబ్బీ, మీ నాయన మా యమ్మ పాటలన్నీ రాసిపెట్టినాడు గదా. గొబ్బిపాట ఒకటి సగం మరిచిపోతిని. నెలపట్టే లోపల తీసి చదివితే మళ్ళా నేర్చుకుంటా."

"దానికేముందత్తా, రేపే చదువుతా" అన్నాను. అన్నానే గాని, ఆ మాట నిలబెట్టుకునేసరికి సంక్రాంతి వచ్చింది. ఆ కథే యీ వారం పాఠకులకు మనవి చేస్తున్నాను.

మా నాయన ముప్ఫై యేళ్ళు జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో బడిపంతులు. బడి వదిలాక సైకిలు మీద వూళ్ళు తిరిగి ఆడవాళ్ళ పాటలు రాసుకునేవాడు. విసురురాయి పాటలు, గొబ్బిపాటలు, కోలాటం పాటలు, జోలలు. రెండువందల పైచిలుకు పోగుచేశాడు. వుద్యోగం మానుకున్నాక, 2003లో, పింఛను డబ్బుతో వాటిని ఒక అంగట్లో కంప్యూటరులో కొట్టించి, ఒక సీడీలో పెట్టి, "ఇంక వీటికి చావు లేదప్పా" అని సంతోషపడ్డాడు. ఆ తరువాత ఆయన పోయాడు. నోటు పుస్తకాలూ, ఆయన దిద్దిన ప్రతీ కలిపి చెదలు తిన్నాయి. సీడీ మాత్రం మిగిలింది.

మర్నాడు సీడీ పెట్టి చూస్తే తెర నిండా వంకర గీతలూ, సున్నాలూ, ఆంగ్లాక్షరాల తొక్కులూ. తెలుగన్నది ఒక్క ముక్క లేదు. విచారిస్తే తెలిసింది: ఆ పాటలు కొట్టిన ప్రోగ్రాముకు తన సొంత అక్షరాల వరస ఒకటుంది. 'క' అన్న అక్షరాన్ని అది లోపల యే గుర్తుతో దాచుకున్నదో దానికే తెలుసు. ఆ ప్రోగ్రాము నడవాలంటే యంత్రం వెనక గుచ్చే చిన్న తాళంముక్క వుండాలి. ఆ తాళంముక్క అంగడివానిది. అంగడి మూతబడి పదేళ్ళయింది.

పెట్టె మనది. పెట్టెలో సొమ్ము మనది. తాళంచెవి మాత్రం మనది కాదు.

మా అత్త తెర వంక చూసి, "మా యమ్మ పాటకు యే దిష్టి తగిలిందిరా యిది" అన్నది. నేను తల దించుకున్నాను. తెలుగు చెప్పి బతికేవాణ్ణి. నా సొంత అవ్వ పాట చదవలేకపోయాను.

ఆ వారంలోనే యింకో చిక్కు వచ్చిపడింది. మా యింట్లో కంప్యూటరు పదేళ్ళది. దాన్ని నడిపే మూల ప్రోగ్రాము విండోస్ 10. దానికి కంపెనీవారి మామూలు వుచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. తరువాతిది విండోస్ 11. అది యెక్కాలంటే యంత్రంలో కొన్ని కొత్త భాగాలుండాలి. మా పాతదాంట్లో అవి లేవు. మావాడు పదో తరగతి. "నాయనా, కొత్తది కొనాల్సిందే" అన్నాడు. వాడి కళ్ళలో ఆటలు మెరుస్తున్నాయి. మా ఆవిడ లెక్కల పుస్తకం తీసింది. ఆ కళ్ళలో యేమీ మెరవలేదు.

ఆ సమయానికి దేవుడిలా నా పూర్వ శిష్యుడొకడు వచ్చాడు. నా దగ్గర ఇంటరులో తెలుగు చదివి, పులివెందుల ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్లు చదివినవాడు. విషయమంతా విని, జేబులోంచి పెన్‌డ్రైవు తీసి, "సార్, మీ యంత్రంలో వున్నది వున్నట్లే వుంచి, దీంట్లోంచే కొత్త వ్యవస్థ నడిపి చూపిస్తా. నచ్చితేనే ఎక్కించుకుందాం" అన్నాడు. దాని పేరు లినక్స్ మింట్. పది నిమిషాల్లో మా ముసలి యంత్రం చలాకీగా లేచి కూర్చుంది.

"ఖరీదెంత?" అని మా ఆవిడ.

"ఏమీ లేదమ్మా."

"దుడ్డు లేకుండా వచ్చేది ఎన్నాళ్ళుంటుంది నాయనా?" అన్నది ఆమె. ఆ ప్రశ్నకు శిష్యుడు చెప్పిన జవాబు నాకు తోచినట్లు చెబుతాను.

ఏ ప్రోగ్రామునైనా రాసేవాడు మొదట మనిషి చదవగలిగే భాషలోనే రాస్తాడు. దాన్ని మూలం అంటారు. తరువాత దాన్ని యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపానికి మారుస్తారు. అంగట్లో మనం కొనేది సాధారణంగా ఆ రెండో రూపమే. మూలం కంపెనీవారి బీరువాలో వుంటుంది. అట్లా కాకుండా మూలాన్ని కూడా అందరి ముందూ పెట్టి, "చదువుకోండి, వాడుకోండి, తప్పులుంటే దిద్దండి, పదిమందికీ పంచండి" అనేది ఓపెన్ సోర్స్. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనే ఆయన 1983లో యీ పద్ధతిలో ఒక పూర్తి వ్యవస్థ కడతానని ప్రకటించాడు. 1991లో ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే యిరవై యొక్క యేళ్ళ విద్యార్థి దానికి కావలసిన గుండెకాయ వంటి భాగం రాసి లోకానికిచ్చాడు. అదే లినక్స్. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో కొట్టుకునేదీ ఆ గుండెకాయే. దీన్ని నమ్ముకుని వ్యాపారం చేసే పెద్ద కంపెనీలే జీతాలిచ్చి దీన్ని దిద్దిస్తున్నాయి. కనుక రేపో మాపో మాయమయ్యేది కాదు.

మన జిల్లావారికి యిది కొత్త సంగతి కాదని నాకనిపించింది. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. తన డబ్బుతో పండితులను పెట్టుకుని, వూరూరా తాళపత్రాలు తెప్పించి, ప్రతికి ప్రతి సరిచూచి, తప్పులు దిద్దించి, వేమన పద్యాలు 1829లో అచ్చు వేయించాడు. ఆ పని యెందుకు సాధ్యపడింది? ఎవరి చేతి తాటాకునైనా మరొకరు చదవగలిగారు గనుక. రాసినవాని అనుమతీ, రాసినవాని గంటమూ లేనిదే అక్షరం కనబడదంటే బ్రౌన్ దొరకు ఖాళీ ఆకులే మిగిలేవి. మా నాయన పాటలకు జరిగింది సరిగ్గా అదే.

సరే, వ్యవస్థ ఎక్కించుకున్నాం. నా వుత్తరాలూ, ప్రశ్నపత్రాలూ లిబ్రే ఆఫీస్‌లో రాస్తున్నాను. పాటలకూ సినిమాలకూ వీఎల్‌సీ. అది ప్యారిసులో కొందరు విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని. తెలుగు టైపుకు మీట నొక్కితే ఇన్‌స్క్రిప్ట్ పలక వస్తుంది. అక్షరాలకు తిరుమల కృష్ణదేశికాచార్యులవారు తయారుచేసి వుచితంగా పంచిన పోతన, వేమన ఫాంట్లున్నాయి. తరువాత వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, గిడుగు వంటివీ అందరివే. ఇవన్నీ యూనికోడ్ అనే వొప్పందాన్ని పాటిస్తాయి. లోకంలోని ముఖ్యమైన లిపుల్లో ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించారు. తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ఆ అంకెతో దాచిన 'క' ప్రొద్దుటూరులోనూ 'క'యే, అమెరికాలోనూ 'క'యే.

ఇక ఆటలు. మావాడి బెంగంతా అదే. శిష్యుడు వాణ్ణి కూర్చోబెట్టి సూపర్ టక్స్ కార్ట్ అనే బండ్ల పందెం చూపించాడు. సేనలతో యుద్ధం చేసే వెస్నోత్ చూపించాడు. రెండూ పైసా ఖర్చు లేనివే. కొనుక్కున్న విండోస్ ఆటల్ని లినక్సులో ఆడించడానికి స్టీమ్ వారు 2018లో ప్రోటాన్ అనే వారధి తెచ్చారనీ, దానితో చాలా ఆటలు నడుస్తాయనీ చెప్పాడు. దాచకుండా ఇదీ చెప్పాడు: పదిమంది కలిసి పందెం వేసుకునే కొన్ని పేరుమోసిన ఆటలు లినక్సును లోపలికి రానివ్వవు. మావాడు రెండు రోజులు అలిగాడు. అట్లాగే మన బజారు అంగళ్ళలో వాడే లెక్కల ప్రోగ్రాములు కొన్ని విండోస్ మీదనే సుఖంగా నడుస్తాయి. అటువంటి అక్కర వున్నవారు తొందరపడి మారవలసిన పని లేదు.

అలక తీరాక మావాడు లీచెస్‌లో చదరంగం మొదలుపెట్టాడు. ప్రకటనలు లేవు, రుసుము లేదు. దానిలో తప్పొప్పులు చెప్పే గురువు స్టాక్‌ఫిష్. ఆ మాటకు ఎండుచేప అని అర్థం. నార్వేలో యెండి ఇటలీలో వండబడిందని ఆ పేరు పెట్టారట. రాసినవారు ఆ దేశాలవారు మరి. ఈనాడు గ్రాండ్‌మాస్టర్లు కూడా తమ యెత్తులు దానితో పరీక్షించుకుంటారు. అంతటి గురువు మన వరండాలో వుచితంగా కూర్చుంటాడు.

ఇది చూసి మా అత్త, "ఆటకు దుడ్డేందిరా? మేము బండ మీద బొగ్గుతో గీసి పులిజూదం ఆడలేదా? వూరికొక తీరు ఆడితిమి. ఎవరన్నా అడ్డం వచ్చినారా?" అన్నది. ఓపెన్ సోర్స్‌కు యింతకంటే మంచి వ్యాఖ్యానం నేను చదవలేదు.

ఆమె వూరికే మాట అని పోలేదు. పాటల దారి కూడా ఆమే చూపింది. శిష్యుడు అడిగాడు: "అవ్వా, నీకు పూర్తిగా వచ్చిన పాటలెన్ని?" ఆరు వచ్చునన్నది. ఆమె పాడుతుంటే నేను తెలుగులో కొట్టాను. పాదాల లెక్క చూసి, ఆ ఆరు పాటలు సీడీలో యెక్కడున్నాయో పోల్చుకున్నాం. ఆమె పాటలో 'గ' వచ్చిన చోటల్లా సీడీలో యే గుర్తుందో రాసుకున్నాం. గుణింతాలకు వేరే గుర్తులు, వొత్తులకు వేరే. రాత్రుళ్ళు మావాడు ఆటలు మాని పట్టిక పూరించేవాడు. శిష్యుడు పైథాన్ అనే వుచిత భాషలో ముప్ఫై వరసల చిన్న ప్రోగ్రాము రాశాడు. పట్టిక పెరిగేకొద్దీ గీతల మధ్య నుంచి తెలుగు తేలివచ్చింది. మొదట ఒక మాట, తరువాత పాదం, తరువాత మా నాయన పాట కింద రాసుకున్న వూరి పేరు, పాడినామె పేరు.

భోగి నాటికి మూడు తక్కువగా అన్ని పాటలూ వచ్చాయి. ఆ మూడింట్లో అక్కడక్కడా అక్షరాలు తెలియక ఖాళీలు వదిలాము. అత్త అడిగిన గొబ్బిపాట ఆ మూడింటిలో ఒకటి. ఉన్నంతవరకు నేను చదివాను. ఖాళీ వచ్చి ఆగాను. అత్త ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నది. ముందు పాదం వినేసరికి ఆమెకు తక్కినది గుర్తుకు వచ్చింది. పాడింది. మావాడు ఆ అక్షరాలు కొట్టి ఖాళీ నింపాడు.

పాఠకుల యిళ్ళలోనూ అటువంటి సీడీలు వుండే వుంటాయి. తాతగారి శతకమో, పెద్దమ్మ వంటల పుస్తకమో, పెళ్ళిపాటలో. ఈ ఆదివారం ఒకసారి తెరిచి చూడండి. అక్షరాలు కనబడితే వెంటనే యూనికోడ్‌లోకి మార్చి నాలుగు చోట్ల దాచండి. కనబడకపోతే ఆ పాటలు నోటికి వచ్చినవారు యింకా ఎవరున్నారో వెతకండి. వారు వున్నప్పుడే ఆ పని చేయాలి.