స్పీకరుకీ ఆంప్‌కీ జాతకం కలవాలి!

వినాయక చవితి వస్తే విగ్రహాలు, సంక్రాంతి వస్తే పతంగులు... ధూల్‌పేట పేరు చెప్పగానే హైదరాబాదీలకు గుర్తొచ్చేవి ఈ రెండే. గణపతి లారీ ఎక్కాడంటే వెనకాల సౌండు బాక్సులూ ఉండాల్సిందే. వాటిని ఎన్ని తగిలిస్తే అంత గొప్ప. అక్కడికి పక్కనే జుమ్మెరాత్ బజార్. జుమ్మెరాత్ అంటే గురువారం. ఆ రోజు సంతలో పాత సామాన్ల గుట్టలు. ఓపిగ్గా వెతికేవాళ్లకి పాత రేడియో నుంచి పాత స్పీకరు దాకా ఏదైనా తగలొచ్చు.

ఇంట్లో గిటార్ నేర్చుకునే అబ్బాయో అమ్మాయో ఉంటే ఇలాంటి సంత మీద కన్ను పడకుండా ఉండదు. మోజుపడి కొన్న చిన్న వాల్వు ఆంప్ ఉంది. ఐదు వాట్లది. అందులోని ఎనిమిది అంగుళాల స్పీకరు గొంతు చాల్లేదు. సంతలో పన్నెండు అంగుళాలది చవగ్గా కనబడింది. అయస్కాంతం బరువు చూశారు, అట్ట చిరిగిందేమో చూశారు, బేరమాడారు, తెచ్చి తగిలించారు. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఓమ్‌ల అంకె మాత్రం ఎవరూ చూడలేదు. దాన్ని చూడకపోతే దెబ్బతినేది స్పీకరు కాదు, వేలు పోసి కొన్న ఆంప్!

ట్రాన్సిస్టర్లు వచ్చాక వాల్వులు మూలపడ్డాయి. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాటిని తయారుచేసిన రోజులూ ఉన్నాయి. గిటారిస్టులు మాత్రం వాటిని వదల్లేదు. సౌండు పెంచినప్పుడు వాల్వు పలికే ఆ బొంగురు గొంతే వాళ్లకి కావాలి. అయితే వాల్వుకి ఒక చిక్కుంది. దానిలో వోల్టులు వందల్లో ఉంటాయి, కరెంటు మాత్రం బహుకొద్ది. స్పీకరుకి కావాల్సింది సరిగ్గా దీనికి తిరగేసి: కొద్ది వోల్టులు, బోలెడు కరెంటు. ఈ ఇద్దరికీ మధ్య మధ్యవర్తి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్.

సైకిలుకి గేరు ఎలాగో దీనికి ట్రాన్స్‌ఫార్మర్ అలాగ. చిన్న ఆంప్‌లలో ఎక్కువగా కనిపించే ఈఎల్84 వాల్వుని తీసుకుందాం. ఒకే వాల్వుతో నడిచే ఆంప్‌లో దానికి ఎదురుగా సుమారు 5,200 ఓమ్‌ల బరువు ఉండాలి. స్పీకరు చూస్తే 8 ఓమ్‌లు. 5,200ని 8తో భాగిస్తే 650. దానికి వర్గమూలం దాదాపు 25. అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో వాల్వు వైపు 25 చుట్లు ఉంటే స్పీకరు వైపు ఒక్క చుట్టు. ఈ నిష్పత్తి ఫ్యాక్టరీలో చుట్టినప్పుడే ఖాయమైపోతుంది. మీరు 8 ఓమ్‌ల జాక్‌లో 16 ఓమ్‌ల స్పీకరు పెడితే వాల్వుకి కనిపించేది 5,200 కాదు, 10,400. నాలుగోది పెడితే 2,600. స్పీకరు మారిస్తే వాల్వు మోసే బరువు మారిపోతుందన్నమాట. ఆ బరువునే ఇంపెడెన్స్ అంటారు.

ఇక్కడే మైకు సెట్టు అనుభవం తప్పుదారి పట్టిస్తుంది. ఇప్పుడు ఊరేగింపుల్లో కనిపించే ఆంప్‌లు ట్రాన్సిస్టర్‌వి. వాటికి భయమల్లా ఓమ్‌లు మరీ తగ్గిపోతేనే. బాక్సుకి బాక్సు కలుపుతూ పోతే కరెంటు పెరిగి వేడెక్కి కాలిపోతాయి. స్పీకరు ఊడిపోతే మాత్రం వాటికేమీ కాదు, మూగబోతాయంతే. వాల్వు ఆంప్‌కి లెక్క తలకిందులు. స్పీకరు లేకుండా ఆన్ చేసి గిటార్ మీటారంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో పుట్టిన శక్తికి బయటికి పోయే దారి ఉండదు. వోల్టులు ఎగదన్ని లోపలి ఇన్సులేషన్‌ని చీల్చేస్తాయి. వాల్వు సాకెట్టులో నిప్పురవ్వలు లేవొచ్చు. అందుకే చాలా ఫెండర్ ఆంప్‌లలో స్పీకరు ప్లగ్గు తీయగానే జాక్ తనంతట తానే షార్టు అయ్యేలా పెట్టారు. షార్టు పెట్టి కాపాడటమేమిటని ట్రాన్సిస్టర్ మెకానిక్కులు ముక్కున వేలేసుకుంటారు గానీ, వాల్వు సంగతిలో అదే తెలివైన పని.

సగమో రెట్టింపో తేడా వస్తే? మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్‌లు చాలావరకు తట్టుకుంటాయి. పవరు తగ్గుతుంది, గొంతు మారుతుంది, వాల్వు త్వరగా అరుగుతుంది. ఒక రాత్రి ప్రోగ్రాంకి తప్పదనుకుంటే సరే, రోజూ సాధనకి వద్దు. అంతకు మించి తేడా ఉంటే అసలు ముట్టుకోకపోవడమే నయం. ఆంప్ వెనక అంకె ఎంతో ముందు చూడండి. చిన్నవన్నీ ఎనిమిదే అనుకోకూడదు. ప్రసిద్ధమైన ఫెండర్ ఛాంప్ 4 ఓమ్‌ల తరహాది.

రెండు స్పీకర్లు ఉంటే లెక్క మారుతుంది. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి కలిపితే కూడాలి: 8కి 8 కలిస్తే 16. ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలిపితే సగమవుతుంది: రెండు 8లు కలిసి 4, రెండు 16లు కలిసి 8. బాక్సు వెనక రెండు జాక్‌లు ఉంటే చాలావరకు అవి ఈ రెండో పద్ధతిలో ఉన్నవే.

సంతలో దొరికే వాటిలో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది మైకు సెట్టు వాళ్ల దగ్గర నుంచి వచ్చే బాక్సులు, హార్న్‌లు. దూరాలకి వైరు లాగడానికి వీటిని 100 వోల్టుల లైను మీద నడుపుతారు. అందుకోసం లోపల ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాగి ఉంటుంది. 10 వాట్ల దగ్గర పెట్టిన అలాంటి బాక్సు ఆంప్‌కి 1,000 ఓమ్‌లుగా కనిపిస్తుంది. వాల్వు ఆంప్‌కి అది స్పీకరు లేనట్టే లెక్క. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కకి తప్పించి, అసలు స్పీకరు మీద ఎంతుందో చూడాలి. రెండోది పాత ఫిలిప్స్ రేడియోలది. ఆ కంపెనీ ఒకప్పుడు కొన్ని మోడళ్లని ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే నడిపింది. వాటి కోసం 800 ఓమ్‌ల స్పీకర్లనే తయారుచేసింది. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. కొనుక్కుని దాచుకోండి, గిటార్ ఆంప్‌కి మాత్రం తగిలించకండి.

అంకె చెరిగిపోతే మల్టీమీటరు ఉంది. స్పీకరు వైర్లు ఊడదీసి కొలవాలి. అయితే మీటరు చూపేది స్పీకరు మీద రాసిన దానికంటే తక్కువ ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకరు 6, 6.5 దగ్గర ఆగుతుంది. 4ది మూడు చిల్లర, 16ది పన్నెండు చిల్లర. ఆరున్నర చూపిందని 'స్పీకరు చెడిపోయింది' అని బేరం తగ్గించే ఘనులూ లేకపోలేదు!

రెండు స్పీకర్లు కలిపేటప్పుడు ప్లస్, మైనస్ తేల్చుకోవడానికి ఒకటిన్నర వోల్టు సెల్లు చాలు. ప్లస్‌కి ప్లస్ తాకించగానే అట్ట ముందుకి కదిలితే సరైనదే. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి కదిలాయంటే బాసు మాయమై శబ్దం పల్చబడుతుంది. స్పీకరు ఎన్ని వాట్లు మోస్తుందో కూడా చూడాలి. ఐదు వాట్ల ఆంప్‌కి పది, పదిహేను వాట్లది ఉంటే నిశ్చింత.

ఇంత చిన్న ఆంప్ ఏం వినబడుతుందిలే అనుకోవద్దు. గిటార్ స్పీకర్లలో ఒక్క వాటుకే మీటరు దూరంలో 97 డెసిబెల్స్ పలికేవి మామూలే. ఐదు వాట్లకి అది 104 అవుతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకి పగలు పెట్టిన పరిమితి 55. ఇరుకు సందుల్లో పక్కింటివాళ్లు తలుపు తట్టడానికి ఎక్కువసేపు పట్టదు.

ఆంప్ వెనక అట్ట విప్పి చూద్దామని పిల్లలకి సరదా పుట్టడం సహజం. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో మూడొందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. అది ప్రాణాలు తీస్తుంది. ఆ పని వాల్వు సెట్లు బాగుచేసి చేయి తిరిగిన మెకానిక్కుకే వదలాలి. ఇంట్లో చేయాల్సింది వేరే. స్పీకరుకి గిటార్ వైరు కాకుండా లావుపాటి స్పీకరు వైరే వాడాలి. ముందు స్పీకరు తగిలించి, ప్లగ్గు గట్టిగా కూర్చుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. ఆపేటప్పుడు ముందు స్విచ్, ఆఖర్న స్పీకరు.