సరదాకి అనకండి, రేటు చెప్పండి

నలభై దాటాక ఏదో ఒక చేతిపని మొదలుపెట్టిన ఆడవాళ్ల నోట నేను తరచూ వినే మాట ఒకటుంది. "ఏదో సరదాకి చేస్తున్నాలే అక్కా." పెళ్లి అడ్డుతెర మీద పేర్లు రాసి నెమళ్లు వేసే ఆమె అదే అంటుంది, గృహప్రవేశానికి చెక్క మీద ఇంటిపేరు చెక్కి రంగులద్దే ఆమె అదే అంటుంది, ఫొటో చూసి పెన్సిల్‌తో బొమ్మ గీసే ఆమె కూడా అదే అంటుంది. గుంతకల్లులో మా కాలనీలోనే ఇట్లాంటి వాళ్లం ఐదుగురం ఉన్నాం. నేను పదహారేళ్లు ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి, అది మానేశాక అడ్డుతెరలు, పెళ్లి పీటలు ఆర్డర్ల మీద చేయడం మొదలుపెట్టాను. మొదటి ఆర్డర్ నుంచే రేటు చెప్పి అడ్వాన్సు అడిగాను. దాంతో గయ్యాళిదని పేరొచ్చింది. రానీయండి.

ఈ "సరదా" అనే మాట వినడానికి వినయంగానే ఉంటుంది. కానీ దాని వల్ల నష్టపోయేది మనం ఒక్కళ్లమే కాదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నా.

మనకు దగ్గర్లోనే ఉన్న ఒక ఊరి సంగతి చూడండి. గుంతకల్లులో రైలెక్కి అనంతపురం మీదుగా పోతే ధర్మవరం వస్తుంది. ధర్మవరం అంటే మనకు పట్టుచీరలే గుర్తొస్తాయి. ఆ మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట ఆడించే కుటుంబాల ఊరు అది. ఒకప్పుడు వాళ్లు ఊరూరా తిరిగి రాత్రంతా రామాయణం, భారతం ఆడించేవాళ్లు. తెర వెనక దీపం, ముందు జనం, మధ్యమధ్య నవ్వించడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క. ఆడవాళ్లు కూడా తెర వెనక పాడేవాళ్లు, మాటలు చెప్పేవాళ్లు. వాన పడని ఏడు ఆట ఆడిస్తే వాన పడుతుందని నమ్మిక. మన కరువు సీమలో ఆ నమ్మిక ఎందుకు పుట్టిందో మీకు వేరే చెప్పాల్సిన పని లేదు.

తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. రాత్రంతా కూర్చుని ఆట చూసేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు వాళ్ల దగ్గర మిగిలింది చేతిపని ఒక్కటే. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుతురు ఇవతలికి కనబడేంత పలచగా తయారు చేయడం, దాని మీద గీత గీయడం, చిన్నచిన్న ఉలులతో నగలు నగలుగా చిల్లులు కొట్టడం, రెండు పక్కలా రంగులద్దడం. ఆ చేతితోనే లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు, తలుపుకు వేలాడదీసేవి చేయడం మొదలుపెట్టారు. వెనకనుంచి దీపం పడితే అందంగా కనబడడం ఆ తోలుకున్న గుణం కాబట్టి, తెరకు బదులు బల్బు పెట్టారు. ఉద్యోగం మారడం అంటే ఒక మనిషి సంగతే అనుకుంటాం. ఇక్కడ నడివయసు వాళ్లతో సహా ఊరే వృత్తి మార్చుకుంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

నేను గమనించమనేది ఏమంటే, ఆ ఇళ్లల్లో తోలు గీకేది, రంగులద్దేది ఆడవాళ్లు కూడా. వాళ్లకది సరదా కాదు. ఆ లాంప్‌షేడ్ అమ్ముడుపోతేనే ఆ నెల గడుస్తుంది.

ఇప్పుడు మన కాలనీకి రండి. ఇంట్లో ఆయన జీతం వస్తుంది, అద్దె బాధ లేదు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. మధ్యాహ్నం రెండు గంటలు దొరుకుతాయి, చేతిలో పని ఉంది. "నాకేం అవసరం, సామాను ఖర్చు ఇస్తే చాలు వదినా" అంటాం. అంటే బొమ్మ గీసిన చేతికి మనమే సున్నా వేస్తున్నాం. అలా తీసుకున్న మనిషి తర్వాత చేతిపని మీద బతికే ఇంకొకామె దగ్గరికి పోయి ఏమంటుంది? "ఫలానా ఆమె ఆరువందలకే చేసిచ్చింది, నువ్వు పదిహేనువందలు చెప్తావేం?" అంటుంది. ఆరువందలకు చేసిన ఆమెకు ఆయన జీతం ఉందని ఆమెకెవరు చెప్తారు?

లెక్క వేద్దాం. ఒక అడ్డుతెరకు గుడ్డ, రంగులు, లేసు కలిపి నాకు 450 రూపాయలు పడుతుంది. గీత గీసి, రంగులేసి, అంచు కుట్టేసరికి పదహారు గంటలు, అంటే రెండు రోజుల పని. ఉపాధి హామీ పని తెలుసు కదా. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 2025-26లో మన రాష్ట్రంలో దాని రోజు కూలి 307 రూపాయలు. ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకటే. ఆ లెక్కన రెండు రోజులకు 614, సామానుతో కలిపి 1,064. దాన్ని ఆరువందలకు ఇస్తే మనకు మిగిలేది 150, రోజుకు డెబ్బై ఐదు. ఎండలో మట్టి తవ్వే ఆమె కూలిలో నాలుగో వంతు. పైగా ఇందులో మన పనితనానికి ఇంకా ఏమీ వేసుకోలేదు, కూలి ఒక్కటే లెక్కకట్టాం.

"అయినవాళ్ల దగ్గర రేటు ఎట్లా చెప్తాం?" అని అడుగుతారు. చెప్పొద్దు, ఊరికే ఇచ్చేయండి. ఆడపడుచు కూతురి పెళ్లికి నేనూ అడ్డుతెర ఊరికే చేసిచ్చాను, పసుపు కుంకుమలతో పాటు పెట్టి. అది కానుక. దాన్ని చూపించి ఎవరూ బేరమాడలేరు. ఊరికే ఇవ్వండి, లేదా పూర్తి రేటు తీసుకోండి. సగం రేటు మాత్రం వద్దు. చెడగొట్టేది సగం రేటే.

అమెరికాలో గ్రాండ్‌మా మోజెస్ అని ఒక పల్లెటూరి ముసలావిడ ఉండేది. చేతులు నొప్పులొచ్చి కుట్టుపని చేయలేక బొమ్మలు వేయడం పట్టుకుంది. 1938లో, ఆవిడకు డెబ్బై దాటాక, ఒక మందుల షాపు కిటికీలో పెట్టిన ఆవిడ బొమ్మల్ని బయటి ఊరాయన చూసి కొన్నాడు. అక్కణ్ణుంచి ఆవిడ పేరు దేశమంతా పాకింది. ఈ కథ చెప్పేవాళ్లంతా వయసు సంగతే చెప్తారు. నాకు నచ్చింది ఇంకొకటి. ఆవిడ ఆ మొదటి రోజుల్లోనే చిన్న బొమ్మకు మూడు డాలర్లు, పెద్ద బొమ్మకు ఐదు డాలర్లు అని సైజును బట్టి రేటు పెట్టింది. తక్కువ రేటే, కానీ రేటు.

అప్పుల సంగతి కూడా కొంచెం చెప్తా. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న వచ్చింది. 18 వృత్తులకు మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు ఐదు శాతం వడ్డీకి ఇస్తారు. బొమ్మలు చేసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు అందులో ఉన్నారు. రంగులతో బొమ్మలు వేసే వృత్తి లేదు. ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లోవాళ్లకు ఆ పథకం వర్తించదు. మాది 1956 నుంచి రైల్వే డివిజన్ కేంద్రం, కాబట్టి ఇక్కడ చాలామందికి ఆ దారి మూసినట్టే. జీతం వచ్చే ఇంటికి ఇవ్వకపోవడంలో నాకు తప్పు కనబడలేదు. కానీ ఇంటికొకరికే అనే షరతు మాత్రం నచ్చలేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి చేసే పనికి ఒక్క పేరే రాయాలంటే ఎవరి పేరు రాస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మనలాంటివాళ్లకు ముద్రలో శిశు అప్పు యాభై వేల వరకు దొరుకుతుంది. నన్నడిగితే అడ్డుతెరలకు అప్పే అక్కర్లేదు. సగం అడ్వాన్సు తీసుకుంటే గుడ్డా రంగులూ వచ్చేస్తాయి. అడ్వాన్సు ఇచ్చిన మనిషి పెళ్లికి రెండు రోజుల ముందు "మావాళ్లు బయట కొనేశారు" అని ఫోన్ కూడా చేయదు.

ఇంకో మాట. ఈమధ్య ఒకామె నాకు నిమ్మలకుంట లాంప్‌షేడ్ ఫొటో పంపి, ప్లాస్టిక్ షీటు మీద అచ్చం ఇట్లాగే వేసివ్వమంది, తక్కువలో పోతుందట. నాకు వేయడం చేతనవును. వేయనని చెప్పాను. ధర్మవరంలో దిగి ఆటో ఎక్కితే అసలైనదే దొరుకుతుంది, వాళ్ల కళ్లముందే చిల్లులు కొట్టి ఇస్తారు, పోయి తెచ్చుకోమన్నాను. నా అడ్డుతెర నెమలి నాదే, అది చాలు.

మొన్న ఆదివారం మా ఐదుగురం మా వరండాలో కూర్చున్నాం. అడ్డుతెర 1,400కు తగ్గించకూడదని, పేర్లు పెద్దవైతే ఇంకో రెండొందలు వేసుకోవాలని, ఆర్డర్ రోజే సగం తీసుకోవాలని మాట్లాడుకున్నాం. నలుగురం ఒప్పుకున్నాం. ఐదో ఆమె, "మా తమ్ముడి బామ్మర్దికి ఆల్రెడీ ఏడొందలని చెప్పేశా అక్కా, అది అయ్యాక చూద్దాం" అంది. ఆ పెళ్లి కార్తీకంలోనట.