ఎర్రరంగు – ఉప్పునీరు

"కార్ల సంగతి నీకేం తెలుసోయ్?" అంటారు మావారు. నిజమే! కానీ వంకాయనైనా తిరగేసి చూసి కొనాలని తెలుసు.

సెకండ్ హ్యాండు స్పోర్టు కారుకి బయలుదేరిన మగవాళ్లు చూసేదేమిటి? ఎర్రరంగూ, ఇంజను రొదా! 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్సై అంటే మావాళ్లకి మహా మోజు. ఇక్కడ పోలో తయారీ 2022లోనే ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ ఒకరు తోలినవే. ఎక్కడ, ఎలా తోలారన్నదే ప్రశ్న.

మా వాడరేవులో అలల అంచుదాకా కారు పోనిచ్చే కుర్రకారుని చూస్తూనే ఉన్నాం. ఉప్పునీరు ముందు పైరంగు జోలికి పోదు. అడుగున చేరి రేకుని తినేస్తుంది. అందుకే బండి పైకెత్తించి, లైటు వేసి చూడాలి. లోపలి తివాసీ కూడా ఎత్తాలి. జోరుగా తోలిన బండికి క్లచ్చి, బ్రేకులు, టైర్లు త్వరగా అరుగుతాయి. వాటికి విడిగా డబ్బు మిగలకపోతే, ఆ కారు మన స్తోమతుకి మించిందే! కొన్న 14 రోజుల్లోగా బీమా మన పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాలి కూడా.

ఇవన్నీ అడిగితే "ఆడవాళ్ల చాదస్తం" అంటారు. అననివ్వండి! వాయిదాలకి తరిగేది మన పోపులడబ్బాయేగా. డబ్బిచ్చే చేతికి బండి తిరగేసి చూసే హక్కు లేదూ?