బొమ్మ వచ్చింది... పద్యమేదీ?

ఈ సంక్రాంతికి వర్ని దగ్గర మా క్యాంపుకి వెళ్లాను. 'క్యాంపు' అనగానే కొత్తవాళ్లు మిలటరీ అనుకుంటారు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నీళ్లు ఇటు పారాక, కృష్ణా గుంటూరు వైపు నుంచి వచ్చిన రైతులు వేసుకున్న ఊళ్లవి. వర్ని, కోటగిరి, బోధన్ చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లు వరి సాగుతోపాటు పద్యనాటకాన్నీ మోసుకొచ్చారు.

మా చిన్నప్పుడు పండక్కి రామాలయం ముందు రాయబారం ఆడాల్సిందే. 1994లో ఆడినదాన్ని, పెళ్లిళ్లకి వీడియో తీసే ఒకాయన క్యాసెట్లోకి ఎక్కించాడు. అందులో కృష్ణుడు వేసినాయన ఇప్పుడు లేడు, దుర్యోధనుడూ లేడు. అర్జునుడు మొన్న కరోనాలో పోయాడు. మిగిలింది హార్మోనియం తాతయ్య ఒక్కడే. ఎనభై దాటాయి. నీటికాసులొచ్చి రెండు కళ్లూ పోయాయి.

"ఆ క్యాసెట్ పెద్ద తెరమీద వేద్దాం అన్నా" అన్నారు కుర్రాళ్లు. వారం వారం ఈ పేజీలో వైర్ల గురించి రాసేవాణ్ణి కాబట్టి పని నా నెత్తిన పడింది. కాదంటే పరువు పోతుంది. ఒప్పుకున్నాను, అయినా కొంత పోయింది. అదే చెప్పబోతున్నా.

క్యాసెట్‌ని మా పెద్దమ్మ బంగారంతోపాటు ఇనప్పెట్టెలో దాచింది కాబట్టి బాగానే ఉంది. మీ దగ్గరుంటే మాత్రం ముందు మూత తెరిచి టేపు చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే వెయ్యొద్దు. అది ప్లేయర్ హెడ్డుకి అంటుకుని, తర్వాత వేసే మంచి క్యాసెట్‌నీ పాడుచేస్తుంది. ప్లేయర్ అటకమీద దొరికింది. దాని వెనక రెండే కన్నాలు, పసుపు, తెలుపు. పసుపుది బొమ్మ, తెలుపుది శబ్దం. స్టీరియో అయితే ఎరుపు కూడా ఉంటుంది, అది కుడిచెవి శబ్దం. మాది ఒక్క చెవి ప్లేయర్. మూడు రంగుల వైరు పెడితే ఎరుపు ఊరికే వేలాడుతుంది, కంగారుపడక్కర్లేదు.

ప్రొజెక్టర్ బాన్సువాడ నుంచి అద్దెకి తెచ్చారు. దాని వెనక హెచ్‌డీఎంఐ, నీలం రంగు వీజీఏ, యూఎస్‌బీ, ఇయర్‌ఫోన్ పెట్టేలాంటి చిన్న కన్నం ఉన్నాయి. పసుపూ తెలుపూ లేవు. దీనికి కన్వర్టర్ అని అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా దొరుకుతుంది. నేను హైదరాబాద్ నుంచే తెచ్చుకెళ్లాను, ఆ ధీమాతోనే ఉన్నాను. తీరా చూస్తే అది హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చేది. మనకి కావాల్సింది ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి. రెండిటికీ అవే కన్నాలు, అదే సైజు, ఒకటే రంగు. దారి మాత్రం వన్‌వే. తిరగేసి పెడితే పనిచేస్తుందేమోనని గంటసేపు ప్రయత్నించాను కూడా. ఇన్నేళ్లుగా మీకు సలహాలిస్తున్నది ఈ మనిషే! మర్నాడు ఒక కుర్రాడు నిజామాబాద్ వెళ్లి సరైనది తెచ్చాడు. కొనేటప్పుడు డబ్బామీద 'ఇన్‌పుట్' అన్న మాట ఏ కన్నం పక్కనుందో చూడండి. దానికి 5 వోల్టుల కరెంటు కూడా కావాలి, సెల్‌ఫోన్ ఛార్జర్ చాలు. అది పెట్టకుండా "పనిచెయ్యట్లేదు" అని తిరిగిచ్చేసేవాళ్లు బోలెడుమంది.

భోగి సాయంత్రం తెల్లపంచె కట్టి బొమ్మ వేశాం. వచ్చింది! కాస్త అలుక్కుపోయినట్టుంది గానీ కృష్ణుడి కిరీటం, పక్కన తబలా ఆయన, అందరూ కనిపించారు. ఆడవాళ్లు "మా మావయ్యే, మా మావయ్యే" అని ఒకటే గోల. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న తాతయ్య తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. కాసేపాగి అడిగాడు: "ఏరా అబ్బాయ్, మొదలెట్టారా?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. శబ్దం వస్తూనే ఉంది, ప్రొజెక్టర్ పొట్టలోంచి, బావిలోంచి వచ్చినట్టు. ఇలాంటి వాటిలో స్పీకరు కొన్ని వాట్లదే ఉంటుంది. దాని గాలిఫ్యాను రొదే దానికంటే ఎక్కువ. ఆరుబయట, రెండొందలమందిలో ఏం వినపడుతుంది? పద్యనాటకంలో పద్యం వినపడకపోతే మిగిలేది కిరీటాలూ మీసాలే. ఇక కళ్లు లేని మనిషికి ఏం మిగులుతుంది?

మైక్‌సెట్ తమ్ముణ్ణి పిలిచాం. ప్రొజెక్టర్ చిన్న కన్నంలోంచి వైరు తీసి యాంప్లిఫయర్‌లో మైకు పెట్టే కన్నంలో గుచ్చాం. గద ఎత్తకుండానే భీముడు గర్జించినట్టయింది. "గిట్ల పెడితే సౌండ్ పలుగుతది అన్నా" అన్నాడు తమ్ముడు. అతనిదే రైటు. మైకునుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు, యాంప్లిఫయర్ దాన్ని బాగా పెంచుతుంది. ప్లేయర్లనుంచి వచ్చేది దాదాపు మూడోవంతు వోల్టు, అంటే దానికి ఎన్నో రెట్లు. దాన్నీ అంతే పెంచితే బొంగురే. 'ఆక్స్' లేదా 'లైన్' అని రాసున్న కన్నంలో పెట్టాలి. పెట్టాం. ఈసారి బొంగురు పోయి 'గుయ్య్...' మని తుమ్మెద మోత.

ఆ మోత సంగతి చాలామందికి అనుభవమే. ప్రొజెక్టర్ ఒకచోట కరెంటు తీసుకుని, యాంప్లిఫయర్ ఇంకోచోట తీసుకుంటే, రెండు ఎర్తింగ్‌ల మధ్య ఉన్న చిన్న తేడా ఆడియో వైరులోకి దూరుతుంది. కొందరు ప్లగ్గుకున్న మూడో పిన్ను విరగ్గొట్టేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మోత పోతుందేమో గానీ షాక్ కొడితే మనిషే పోతాడు. అన్నిటికీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డునుంచి కరెంటు ఇస్తే చాలాసార్లు తగ్గుతుంది. కానీ మా తెర ఒక మూల, మైక్‌సెట్ ఇంకో మూల. బోర్డు అందదు. బ్లూటూత్ స్పీకరు పెడదామన్నాడొకడు. శబ్దం సెకనులో ఐదోవంతు దాకా వెనకబడొచ్చు, రాగం తీస్తుంటే కృష్ణుడి నోరు ముందే మూసుకుంటుంది.

మేం వైర్లు పట్టుకుని కొట్టుకుంటుంటే తాతయ్య అన్నాడు: "మేం ఆడేప్పుడు మైకు నా పెట్టెమీద కట్టేవాళ్లు గదరా. తెరకి కట్టేవాళ్లమా?"

అందరం ఒక్కక్షణం ఆగిపోయాం. శబ్దం ప్రొజెక్టర్ దాకా పోవడమెందుకు? అది పుట్టేది ప్లేయర్లో. ప్లేయరూ, కన్వర్టరూ మోసుకెళ్లి మైక్‌సెట్ పక్కనే బల్లమీద పెట్టాం. తెలుపు వైరు నేరుగా ఆక్స్‌లోకి, రెండిటికీ ఒకే బోర్డు. పసుపు ఒక్కటే కన్వర్టర్ గుండా పొడుగాటి హెచ్‌డీఎంఐ వైరులో ప్రొజెక్టర్‌కి పోయింది. మోత దాదాపు తగ్గింది. ప్రొజెక్టర్లో బొమ్మ తయారవడానికి రెప్పపాటు పడుతుంది కాబట్టి శబ్దం పిసరంత ముందుంటుంది గానీ, ఎవరూ పట్టుకోలేదు.

మీ ఇంట్లో క్యాసెట్ లేకపోయినా ఈ చిక్కు ఉంటుంది. పాత వీజీఏ 1987 నాటిది, బొమ్మ తప్ప శబ్దం మొయ్యదు. లాప్‌టాప్ ఆ వైరుతో కలిపితే ఇయర్‌ఫోన్ కన్నంలోంచి విడిగా స్పీకరుకి వైరు లాగాల్సిందే. హెచ్‌డీఎంఐ రెండూ మోస్తుంది. అది గుచ్చగానే లాప్‌టాప్ చాలాసార్లు శబ్దాన్నీ ప్రొజెక్టర్‌కి పంపేస్తుంది, మీరేమో స్పీకరు చెడిపోయిందనుకుంటారు. సౌండ్ సెట్టింగ్స్‌లోకి పోయి మళ్లీ స్పీకరునే ఎంచుకోవాలి. సెల్‌ఫోన్లలో అయితే టైప్-సి కన్నం ఉన్నంతమాత్రాన బొమ్మ బయటికి రాదు, ఆ సదుపాయం ఉన్న ఫోన్లకే వస్తుంది. అద్దె ప్రొజెక్టర్ తెచ్చాక కాదు, ముందురోజే కనుక్కోండి. బొమ్మ ఎటునుంచి ఎటు పోతోంది, శబ్దం ఎటునుంచి ఎటు పోతోంది అని కాయితం మీద రెండు గీతలు విడివిడిగా గీసుకుంటే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. నేను గీసుకోలేదు, అందుకే రెండు రోజులు పట్టింది.

సరే, క్యాసెట్ వెనక్కి తిప్పి మొదట్నుంచీ వేశాం. హార్మోనియం ఖంగుమంది. తాతయ్య కుడిచెయ్యి కుర్చీ చేతిమీద మెట్లు వెతుక్కోవడం మొదలుపెట్టింది. పడకసీను దాకా ఒక్కమాట మాట్లాడలేదు. అక్కడ ఒక పద్యం అయ్యాక చెయ్యెత్తి ఆపమన్నాడు.

"చూశావా, ఆ రాగంలో ఒక మెట్టు తప్పా. మీ పెదనాన్న పాపం గొంతు సర్దుకుని కప్పేశాడు. దిగాక నన్నేమీ అనలా. నేనూ ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలా."

మాకెవరికీ తప్పు వినపడలేదు. ఇంకోసారి వెయ్యమన్నాడు, ఈసారి వాల్యూమ్ కాస్త పెంచి.