బాజాభజంత్రీలు – బయానా రూపాయలు

ఈ ఏటి కళాశాల వార్షికోత్సవంలో ప్రార్థనాగీతం పాడిన విద్యార్థినులకు శ్రుతి అందించినది ఒక చేతి ఫోను. దానికి మైకును ఆనించి పట్టుకొని ఒక విద్యార్థి పాట ముగిసేదాకా కదలకుండా నిలబడ్డాడు. పాట బాగానే సాగింది. సభలోనివారు చప్పట్లు కొట్టారు. కళాశాలకు హార్మోనియం లేక కాదు, ఉన్నది. 2020 మార్చిలో సెలవులు ప్రకటించిననాడు దానిని బీరువాలో పెట్టి తాళం వేశాము. తిరిగి తీసి చూసేసరికి తిత్తులను ఎలుకలు కొరికి ఉన్నాయి; నాలుగు మెట్లు నొక్కితే మళ్లీ పైకి లేవడం లేదు. బాగు చేయించుదామంటే బాగుచేసే దుకాణం ఊళ్లో లేదు. ఈ చిన్న విషయాన్ని ఆధారం చేసుకొని విద్యార్థి మిత్రులకు, కళాశాల సంఘం పెద్దలకు ఒక పెద్ద విషయం మనవి చేయదలచాను.

ఆ దుకాణం మా పట్టణంలో పాత బస్టాండు వెనుక సందులో ఉండేది. ఎనిమిదడుగుల వెడల్పు గది. ముందు గాజు అలమారలో వేణువులు, గజ్జెలు, చిడతలు, తీగల చుట్టలు; వెనుక చాప మీద ఒక ముసలి సాహెబుగారు. కొత్త సరుకు అమ్మితే ఆయనకు మిగిలేది స్వల్పం. మరమ్మతే జీవనాధారం. ధనుర్మాసానికి ముందు భజన మందిరాలవారు హార్మోనియాలు తెచ్చేవారు. మాఘం మొదలుకొని జ్యేష్ఠం దాకా పెండ్లి మేళాలవారు డోళ్లు, క్లారినెట్లు తెచ్చేవారు. ఉర్సుల కాలంలో కవ్వాలీ పాడేవారు తబలాలు, ఢోలకులు తెచ్చేవారు. అన్ని మతాల పంచాంగాలూ ఆ చాప మీదికి వచ్చి కలిసేవి. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడు అక్కడ కూర్చుని గంటలు గడిపాను. సంగీతం నాకు రాదు. తెగిన తీగ మళ్లీ పలకడం చూడటమంటే మాత్రం ఎంతో ఇష్టం.

2020 మార్చి 25 ఉగాది. ఆనాడే దేశమంతటా లాక్‌డౌన్ మొదలయింది. కిరాణా, మందుల దుకాణాలు తప్ప తక్కినవన్నీ మూతపడ్డాయి. బట్టల దుకాణంలో బట్ట మూడు నెలలు మడతలోనే ఉన్నా బట్టగానే ఉంటుంది. వాద్యాల సంగతి అటువంటిది కాదు. అవి తోలు, కొయ్య, జిగురు, మైనంతో చేసినవి. వాయిస్తూ ఉంటేనే అవి చెడకుండా ఉంటాయి. వేసవిలో మూసిన గదిలో వేడికి కొయ్య ఎండింది, అతుకులు విడిపోయాయి; తొలకరి తేమకు తోళ్లు సడలి బూజు పట్టాయి. పైగా ఆ గదిలో ఉన్నవాటిలో చాలాభాగం ఆయనవి కావు, మరమ్మతుకు ఇచ్చినవారివి. ఆయన దిగులు అద్దె గురించి మాత్రమే కాదు. పరుల సొత్తు తన తాళం కింద చెడిపోతున్నదనే దిగులు ఎక్కువ. జూన్‌లో తలుపు తీశాక వాటిని తన ఖర్చుతో మళ్లీ బాగుచేశాడు. బాగుచేసినా తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. వస్తే కూలి ఇవ్వాలి. ఇవ్వడానికి వారికి పని లేదు. 2021 మేలో రెండవ ఉధృతి నాటి కర్ఫ్యూతో ఆయన గది ఖాళీ చేశాడు. ఇప్పుడు అందులో ఫోనులకు తొడుగులు అమ్ముతున్నారు.

దుకాణం కథ ఇంతే. అయితే దుకాణం ఎండిపోయింది మేళం ఎండిపోయినందువల్లనే గనుక, మేళం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మహమ్మారి వల్ల పెండ్లిండ్లు వాయిదా పడ్డాయి గాని రద్దు కాలేదని, కాబట్టి వాద్యకారులకు కూడా రాబడి వాయిదా పడిందే గాని పోలేదని మనలో చాలామంది అనుకున్నాము. ఇది పెద్ద పొరపాటు. వాద్యకారుడు అమ్మేది వస్తువు కాదు, ఒక రాత్రి. నిన్నటి రాత్రిని రేపు అమ్మలేము. చైత్రంలో ఒకటి, వైశాఖంలో రెండు, జ్యేష్ఠంలో ఒకటి – ఇలా నాలుగు ముహూర్తాలలో జరగవలసిన నాలుగు పెండ్లిండ్లు శ్రావణంలో ఒకే మంచిరోజుకు జరిగాయనుకోండి. పురోహితుడు పరుగెత్తి రెండు చోట్ల మంత్రం చెప్పగలడేమో! బ్యాండు ఒక్క ఊరేగింపులోనే నడవగలదు. నాలుగు కూలీలు పోయి ఒక్క కూలి మిగిలింది. ఆ సంవత్సరం రెండు తెలుగు రాష్ట్రాల్లోను ప్రభుత్వోద్యోగుల జీతాలలో సగం కొన్ని నెలలు ఆపి తరువాత చెల్లించారు. ఆపిన ఆ కొన్ని నెలలకే మనమెంత గోల పెట్టామో గుర్తున్నదిగదా! మనది నిజంగా వాయిదాయే. వారిది కాదు.

2020 మే నెలలో పెండ్లికి యాభైమందికి మించరాదనే నిబంధనతో అనుమతి వచ్చింది. యాభైలో మేనమామలు, పెదనాన్నలు పోగా పదకొండుమంది బ్యాండువారికి చోటెక్కడ? అదీగాక ఈ వ్యాధి ఊపిరితో పాకేది. డోలు కొట్టేవాడు ముక్కుకు గుడ్డ కట్టుకోవచ్చు. సన్నాయి ఊదేవాడు, క్లారినెట్ ఊదేవాడు, ట్రంపెట్ ఊదేవాడు ఏమి చేయాలి? తన వృత్తికి ప్రాణమైన శ్వాసే ఎదుటివారికి భయహేతువైంది. కొన్ని ఇండ్లలో మేళం బదులు పెట్టెలోంచి సన్నాయి పాట వేసి తాళి కట్టించారు. ఆ అలవాటు వ్యాధితోపాటు పోలేదని, ఈనాటికీ నిలిచి ఉన్నదని మీరు కూడా గమనించే ఉంటారు.

కవ్వాలీవారి పరిస్థితి మరొక విధం. వారికి ముందుగా మాట్లాడుకొన్న మొత్తం కొద్ది. వింటున్నవారు లేచి వచ్చి సమర్పించే నజరానాయే అసలు రాబడి. ఆ సంవత్సరం అనేక దర్గాలలో నలుగురైదుగురు ఖాదిములే సందల్ జరిపి ఉర్సు అయిందనిపించారు. ఆచారం నిలిచింది గాని జనం లేరు. జనం లేనిచోట నజరానా లేదు. పట్టణాల్లోని ఆర్కెస్ట్రాలవారిదీ దాదాపు అదే గతి. 2020 సెప్టెంబరు 25న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు కోవిడ్ అనంతర అస్వస్థతతో కన్నుమూశారు. ఆయన పాటలే పాడి పొట్టపోసుకొనే గాయకులు ప్రతి ఊరిలోను ఉన్నారు. మరొక కాలంలోనైతే ఆ నెలంతా ఊరూరా సంస్మరణ సభలు జరిగేవి, వారికి కన్నీళ్లతోపాటు నాలుగు రూపాయలూ దక్కేవి. అప్పటికి సభలకు నూరుమందికి మించి అనుమతి లేదు. వారు ఇంట్లో కూర్చుని ఏడ్చారు.

ఇక నా సొంత సంగతి. దానిని చెప్పకుండా ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు.

మా చెల్లెలి నికా 2020 ఏప్రిల్ రెండవ వారంలో, రంజాన్ నెలకు ముందుగా, నిశ్చయమైంది. బరాత్‌కు బ్యాండు మాట్లాడినది నేనే. పదకొండుమందికి 22,000 రూపాయలు, బయానా 5,000. నికా చివరికి ఇంటిలో, గుప్పెడుమంది సమక్షంలో, వాద్యం లేకుండా జరిగింది. జూన్‌లో నేను బ్యాండు మాస్టరు ఇంటికి వెళ్లి బయానా తిరిగి అడిగాను. మేము వద్దనలేదు, మీరు రాననలేదు, మధ్యలో ఎవరి చేతిలోనూ లేని ఆటంకం వచ్చింది, జరగని పనికి సొమ్ము ఎందుకుండాలి – ఇదీ నా వాదం. తరగతిలో పాఠం చెప్పినంత స్పష్టంగా చెప్పాను. ఆయన ఎదురు చెప్పలేదు. "కూర్చోండి లెక్చరరుగారూ" అని లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి వచ్చి మూడు వేలు నా చేతిలో పెట్టి, "మిగతా రెండూ శ్రావణంలో ఇస్తానండీ, పిల్లలకు పంచేశాను" అన్నాడు. పిల్లలంటే ఆయన కన్నబిడ్డలు కారు, మేళంలోని కుర్రవాళ్లు.

నేను ఆ మూడు వేలూ తెచ్చుకొన్నాను. రెండు నెలల తరువాత పాత బస్టాండు సందులోని సాహెబుగారు చెప్పగా తెలిసింది: ఆ వేసవిలో నావంటివారు వరుసగా వచ్చి అడిగితే, ఇవ్వడం కోసం బ్యాండు మాస్టరు రెండు ట్రంపెట్లను పాత్రల దుకాణంలో ఇత్తడి తూకానికి అమ్మివేశాడట. "వాటిలో ఒకదాన్ని నేనే రెండుసార్లు అతికాను బాబూ" అన్నారు సాహెబుగారు. నన్ను నిందించడానికి అన్నమాట కాదది. నేను అడిగినవారిలో ఒకడినని ఆయనకు తెలియదు.

బయానా అనే మాట ఉర్దూ నుంచి తెలుగింటికి వచ్చి స్థిరపడింది. దాని మూలంలో ఉన్నది అరబ్బీలో అమ్మకమనే అర్థం గల మాట. అనగా బయానా పుచ్చుకొన్ననాడే అమ్మకం కొంత జరిగిపోయిందన్నమాట. మా తేదీకి ఆయన మరెవరికీ మాట ఇవ్వలేదు. ఆ రాత్రిని మాకోసం పక్కన పెట్టాడు. ఆ పెట్టడానికే అయిదు వేలు. పక్కన పెట్టే పని ఆయన పూర్తిగా నెరవేర్చాడు. ఆ తేదీకి ఎవరి పెండ్లీ ఊరేగింపుతో జరగలేదుగదా, ఆయనకు నష్టమేమిటని అడగవచ్చు. నిజమే, నష్టం అందరికీ వచ్చింది. దానిని ఎవరు మోయాలన్నదే ప్రశ్న. నెలజీతం వచ్చే ఇల్లు మోయాలా, ముహూర్తం మీద బతికే మేళం మోయాలా? అప్పుచేసి ఆడపిల్ల పెండ్లి తలపెట్టిన కూలివాడు బయానా తిరిగి అడిగితే నేను తప్పుపట్టను. నేను అతడిని కాను.

ప్రభుత్వ సాయం మాటకొస్తే, 2020 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దుకాణాలున్న దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు 10,000 రూపాయల చొప్పున సాయం చేసింది. మంచిపని. కాని తెలుగునాట సన్నాయి, డోలు తరతరాలుగా మోసినవారిలో నాయీబ్రాహ్మణులు అనేకులు. ఒకే ఇంట్లో క్షౌరశాల నడిపే అన్న లెక్కకు వచ్చాడు. సన్నాయి మాత్రమే ఊదే తమ్ముడు రాలేదు. కత్తెర వృత్తిగా కనిపించింది, వాద్యం కనిపించలేదు. దుకాణం లేనివాని వృత్తి ఏ దస్త్రంలో పడుతుంది?

మహమ్మారి సంగీతవ్యాపారాన్నంతటినీ దెబ్బతీసిందనుకోవడం కూడా సరికాదు. అమెరికాలో గిటార్లు తయారుచేసే ఫెండర్ సంస్థకు 2020లో తన చరిత్రలో ఎన్నడూ లేనంత అమ్మకాలు జరిగాయి. ఇంట్లో కూర్చుని జీతం తీసుకొన్నవారికి తీరిక దొరికింది; తీరిక దొరికినవారు తపాలాలో వాద్యం తెప్పించుకొని, ఫోనులో పాఠం నేర్చుకొన్నారు. మన ఊళ్లలోను కీబోర్డులు అలాగే వచ్చాయి. సరదాకు నేర్చేవాడికి వాద్యం చేరింది, కూటికి వాయించేవాడి చేతిలోని వాద్యం తూకానికి పోయింది. ఈ రెండూ ఒకే సంవత్సరంలో జరిగాయి.

మన కళాశాల సభలలో వక్తలు షేక్ చిన మౌలానాగారి పేరు గర్వంగా తలుస్తారు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరానికి 1977లో పద్మశ్రీ తెచ్చిన మహావిద్వాంసుడాయన. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకు 2020 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. మహమ్మారి అడ్డుపడగా 2021 నవంబరులో గాని ఆ పురస్కారాల ప్రదానం జరగలేదు. పురస్కారానికే ఇరవై నెలలకు పైగా నిరీక్షణ. వారి వెనుక వరుసలో నిలబడి శ్రుతి పట్టేవాని పేరు ఏ సభలోను ఎవరూ తలవరు. సంగీతం మనకు తగునా తగదా అని మన పెద్దలలో అభిప్రాయభేదాలున్నాయి. ఆ చర్చలోకి నేను దిగను. వాయించమని పిలిచి, వాయించినందుకు మెచ్చుకొని, కూలి దగ్గర మాత్రం ఆ చర్చ ఎత్తడం న్యాయం కాదని మాత్రం చెప్పగలను.

కళాశాల సంఘానికి నా విన్నపం స్వల్పం. మన ఉత్సవాలకు వాద్యకారులను పిలిచినప్పుడు ఇచ్చిన బయానా, ఏ కారణంచేత ఉత్సవం ఆగినా, తిరిగి అడగకూడదని తీర్మానం చేయండి. మిగిలిన మొత్తం బిల్లుల పేరిట నెలలు గడపకుండా ఆ రాత్రే ఇవ్వండి. విద్యార్థులు కూడా ఒక పని చేయవచ్చు. అసంఘటిత కార్మికుల నమోదుకు కేంద్రప్రభుత్వం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ ప్రారంభించింది. చేతిలో ఫోను, అక్షరజ్ఞానం ఉన్న మీలో పదిమంది ఒక ఆదివారం బ్యాండువారి వీధికి వెళ్లి కూర్చుంటే ఎందరి పేర్లో దస్త్రానికెక్కుతాయి. అందువల్ల రేపే డబ్బు రాదు. మరొక విపత్తు వచ్చిననాడు లెక్కల్లో లేమని అనిపించుకోకుండా ఉంటారు.

మా బ్యాండు మాస్టరు ఇప్పుడు ఆరుగురితో మేళం నడుపుతున్నాడు. నేను తెచ్చుకొన్న మూడు వేలూ తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "మీ ఇంట్లో మళ్లీ శుభకార్యం వస్తే చెప్పండి" అన్నాడు. శ్రావణంలో ఇస్తానన్న రెండు వేలూ అంతకుముందే తెచ్చి మా నాన్నగారి చేతిలో పెట్టి వెళ్లాడు.

సాహెబుగారు కూతురి ఊరికి వెళ్లిపోయారు. మన పట్టణానికి పద్దెనిమిది కిలోమీటర్లు. అక్కడ అరుగు మీద కూర్చుని, చూపు ఆనినంతవరకు, వచ్చినవారికి మరమ్మతు చేసిపెడుతున్నారు. కిందటి నెల వెళ్లి మన హార్మోనియం సంగతి చెప్పాను. "తీసుకురండి బాబూ, మెట్లు లేస్తాయి. తిత్తులు మాత్రం కొత్తవి కట్టాలి" అన్నారు. ఖర్చు 1,800 రూపాయలు అవుతుందన్నారు. ఆ కాగితం సంఘం కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నది. బీరువా తాళంచెవి నా దగ్గరే ఉన్నది.