రంగు వేసే ముందు బండి కింద పడుకుని చూడాలి

బళ్లారి, సిరుగుప్ప వైపు పల్లెల్లో గానీ, హోసూరు చుట్టుపక్కల వీధుల్లో గానీ ఈ దృశ్యం కొత్త కాదు. ఇంటి ముందు వేపచెట్టు నీడన ఓ పాత పికప్పు. చక్రాలు ఊడదీసి ఉంటాయి. బానెట్ ఎత్తి ఉంటుంది. ఆదివారం వస్తే తండ్రి, కొడుకు, పక్కింటి మెకానిక్ కుర్రాడు దాని చుట్టూ చేరతారు. ఆర్నెల్లు తిరిగేసరికి అది ఎర్రగానో నీలంగానో మెరిసిపోతూ వీధిలోకి వస్తుంది. కొబ్బరికాయ కొడతారు, నిమ్మకాయలు తొక్కిస్తారు. ‘ఏం చేశావయ్యా బండిని!’ అంటుంది ఊరు.

మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఆ మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరైనా బండి కింద పడుకుని చూశారా?

ఈ పని పనికిమాలినదని అనడానికి వీల్లేదు. టాటా మొబైల్ 206 వచ్చింది 1988లో. ఆ వెనకే వచ్చిన 207, జీపు వంశంలో పుట్టిన మహీంద్రా పికప్పులు సరిహద్దు జిల్లాల్లో టమాటా బుట్టలు, మిరపకాయ బస్తాలు, కొబ్బరికాయలు మోసి ఒక తరాన్ని నిలబెట్టాయి. తొలినాళ్ల ఆ బళ్లలో కంప్యూటర్లు లేవు, సెన్సార్లు లేవు. స్పానరు పట్టడం తెలిసినవాడు విప్పి మళ్లీ బిగించగల ఇంజన్లు. సామాను కూడా దొరుకుతుంది. బెంగళూరు శివాజీనగర్ గుజిరీలో దొరకనిది చెన్నై పుదుప్పేటలో, అక్కడా లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లో. లక్షలు పోసి కొత్త బండి తెచ్చి నెలనెలా కిస్తీలు కట్టేకంటే తాత కొన్న బండినే బాగుచేసుకుందామనుకోవడంలో తప్పేముంది? చేతిపని నేర్చుకునే కుర్రాళ్లకు అంతకు మించిన బడి లేదు.

తప్పల్లా డబ్బు ఎక్కడ పెడుతున్నారన్న దగ్గరే. చేతిలో ఉన్నదాంట్లో సగానికి సగం రంగుకీ, సీటు కవర్లకీ, పాటల పెట్టెకీ పోతుంది. పైన పటారం, లోన లొటారం.

పికప్పుకు ప్రాణం ఇంజన్ అనుకుంటారు గానీ, అసలు ప్రాణం చాసిస్. ఇంజన్ ఆగితే బండి ఆగుతుంది, అంతే. చాసిస్ విరిగితే మనిషి పోతాడు. తుప్పు ఎప్పుడూ కనిపించే చోట మొదలవదు. కమాను కట్టలు తగిలించే బ్రాకెట్ల వెనక, తొట్టి కూర్చునే చోట, బురద చేరి ఎండని మూలల్లో లోపల్నుంచి తినుకుంటూ వస్తుంది. యానాం, బరంపురం వైపు సముద్రపు ఉప్పుగాలికి అది ఇంకా తొందర. చిన్న సుత్తితో ఆ చోట్లన్నీ తట్టుకుంటూ పోవాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము బొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే నిజం బయటపడుతుంది. ఆ పని చేయకుండా తుప్పు మీదే పుట్టీ మెత్తి రంగు కొడితే కొన్ని వానలకే బుడగలు లేస్తాయి. అప్పటికి లోపల ఇంకేమీ మిగలదు.

చాసిస్‌కు అతుకు వేయాల్సి వస్తే గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపుకు తోలుకుపోవడం మన దగ్గర మామూలు. అది గేటు కాదు, టన్ను బరువు మోసే ఎముక. లారీ చాసిస్ పని తెలిసినవాడి చేతే వేయించాలి. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీగలు తప్పించాలి. డీజిల్ ట్యాంకు దింపి దూరం పెట్టాలి. ట్యాంకు ఖాళీగానే ఉందిగా అనే మాట చాలా ప్రమాదం, ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది. అన్నట్టు, బండిని ఇటుకల మీద నిలబెట్టి కిందికి దూరే అలవాటు ఇకనైనా మానాలి. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. జాకీనీ నమ్మడానికి లేదు. మందపాటి చెక్క దిమ్మెలు పేర్చి, వాటి మీద బరువు ఆన్చాకే మనిషి కిందికి పోవాలి.

తర్వాతి ఖర్చు బ్రేకులకు. ఏళ్ల తరబడి కదలని బండిలో బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఇనుప పైపులు లోపల తుప్పు పడతాయి, వీల్ సిలిండర్లలో రబ్బర్లు గట్టిపడతాయి. పెడల్ తొక్కితే బాగానే ఉన్నట్టుంటుంది. లోడు వేసి ఘాట్ దిగేటప్పుడు తెలుస్తుంది. రబ్బర్లు, పైపులు, ఆయిల్ మొత్తం మార్చాల్సిందే. ఇందులో బేరాలు లేవు. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడిచి పారేయాలి.

ఇక హంగుల సంగతి. ‘ఒక కమాను పట్టా ఎక్కువ వేయించాం, ఇంకో పది బస్తాలు లాగుతుంది’ అని గొప్పగా చెబుతారు. పట్టా పెరిగింది సరే, బ్రేకు పెరిగిందా? ఇరుసు పెరిగిందా? లావు టైర్లు వేస్తే స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, బేరింగుల మీద బరువు పడుతుంది. ఫ్యూజు తప్పించి నాలుగు లైట్లు తగిలిస్తే తీగలు వేడెక్కి ఏ రాత్రో బండి అంటుకుంటుంది. ముందు కట్టే ఇనుప గార్డు పాదచారుల ప్రాణానికి ముప్పు. వాటిమీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది.

చట్టం ఏమంటోందో చాలామందికి తెలియదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మౌలిక రూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆర్నెల్ల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. బాగుచేయడం వేరు, మార్చడం వేరు. పాడైన భాగం తీసి అదే రకం భాగం పెడితే పేచీ లేదు. ఇంజన్ మారిస్తే రవాణా కార్యాలయం అనుమతి కావాలి. రంగు మార్చినా ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇవన్నీ వదిలేసి యాక్సిడెంటయ్యాక బీమా కంపెనీ గుమ్మం ఎక్కితే, వాళ్లు మొదట వెతికేది ఈ లొసుగులనే.

సరిహద్దు మనుషులకు దీని మీద ఇంకో తలనొప్పి ఉంది. బళ్లారిలో ఏపీ 02 నంబరు బండ్లు, హోసూరులో ఏపీ 03 బండ్లు, గంజాంలో ఏపీ 30 బండ్లు. అనంతపురం, చిత్తూరు, శ్రీకాకుళం చుట్టాల దగ్గర చవగ్గా వచ్చిందని తెచ్చుకున్నవే. చేతులు నాలుగు మారినా ఆర్సీ మొదటి యజమాని పేరునే ఉంటుంది. ఆయన బతికున్నాడో లేదో తెలియదు. ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి బండి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతోంది. దానికి మొదటి రాష్ట్రం నుంచి ఎన్‌వోసీ కావాలి. ఎన్‌వోసీకి యజమాని సంతకం కావాలి. పాత పుస్తకం ఆర్సీ కంప్యూటర్లోకి ఎక్కలేదంటే అది మరో ప్రదక్షిణ. అయ్యా, మీ రాష్ట్రంలో తేల్చుకోండని వీళ్లు, బండి మీ దగ్గరే ఉందిగా అని వాళ్లు. స్పానరు పట్టే ముందే ఈ కాగితం తేలుతుందో లేదో కనుక్కోవాలి. ఆర్నెల్ల చెమట పోసిన బండి చెక్‌పోస్టు దాటలేకపోతే ఆ తండ్రీకొడుకుల బాధ ఇంతంత కాదు.

ప్రభుత్వాలూ ఆలోచించాల్సింది ఉంది. 2021లో పాత బళ్లకు వింటేజ్ నిబంధనలు తెచ్చారు. 50 ఏళ్లు దాటితేనే వర్తిస్తాయి. 1988 నాటి పికప్పు ఆ గౌరవం కోసం 2038 దాకా ఆగాలి. పైగా ఆ నిబంధనలు ప్రదర్శనలకు తిప్పే బళ్ల కోసమే, టమాటాలు మోసే బళ్ల కోసం కాదు. మరోపక్క 15 ఏళ్లు దాటిన బళ్ల ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు. పాత బండి పొగ తగ్గాలనడం న్యాయమే. అయితే ఒళ్లు దాచుకోకుండా బాగుచేసినవాడినీ, తుప్పు మీద రంగు పూసినవాడినీ ఒకే గాటన కట్టేయడం ఎక్కడి న్యాయం?

ఇప్పుడు ఫిట్‌నెస్‌కు బండి పోయేది రంగు ఆరాక. అప్పటికి చూడాల్సిందంతా రంగు కింద దాక్కుని ఉంటుంది. తొట్టి దింపి, చాసిస్ గీకి, రెడాక్సైడు ఇంకా పూయకముందే ఇన్‌స్పెక్టర్ ఒకసారి వచ్చి సుత్తితో తట్టి చూసి, ఆర్సీలో ఒక ముద్ర వేసే పద్ధతి పెట్టొచ్చు. తాలూకా కేంద్రంలో నెలకు ఒక రోజు కేటాయిస్తే చాలు. దానికి ఫీజు తీసుకున్నా ఎవరూ కాదనరు.